బేకర్ వీధిలో పదేళ్ళు

పాట ఒకరిది, పెదవులు ఒకరివి. మన సినిమాలు చూసేవాళ్లకి ఇదేం వింత కాదు గదా! 1964లో వచ్చిన 'మై ఫెయిర్ లేడీ' చూసినవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. అందులో ప్రొఫెసర్ హిగిన్స్ ఇంటి ముందు, వీధిలో నిలబడి, ప్రియురాలు కిటికీలోంచి కనబడుతుందేమోనని ఆశగా పాట పాడే కుర్రాడొకడున్నాడు. పేరు ఫ్రెడ్డీ. పొడుగ్గా, సన్నగా, కోటేసిన ముక్కుతో చూడముచ్చటగా ఉంటాడు. ఆ పెదవులు జెరెమీ బ్రెట్‌వి. గొంతు బిల్ షిర్లీ అనే గాయకుడిది. హీరోయిన్ ఆడ్రే హెప్‌బర్న్‌కి చాలామటుకు పాటలు పాడింది మార్నీ నిక్సన్. మన ఘంటసాలగారి పేరూ, సుశీలగారి పేరూ టైటిల్స్‌లో దర్జాగా పడేవి. అక్కడ ఆ ఇద్దరి పేర్లూ తెరమీద వెయ్యనేలేదు!

విచిత్రమేమిటంటే, బ్రెట్ పాడలేనివాడేం కాదు. చదువుకునే రోజుల్లో స్కూలు గాయక బృందంలో పేరు తెచ్చుకున్నవాడే. 1968లో బీబీసీ వాళ్లు 'ది మెర్రీ విడో' తీస్తే అందులో హీరో వేషం కట్టి తన పాటలు తనే పాడుకున్నాడు. అయినా ఆ మొదటి పాటతోనే ప్రపంచానికి తెలిశాడు, అదీ అరువు గొంతుతో.

నేను రాయబోయేది ఆ ఫ్రెడ్డీ గురించి కాదు లెండి. ఇరవై ఏళ్ల తర్వాత షెర్లాక్ హోమ్స్ అయి కూర్చున్న మనిషి గురించి.

అసలు పేరు పీటర్ జెరెమీ విలియం హగిన్స్. (హిగిన్స్ ఇంటి ముందు పాడినవాడు హగిన్స్ కావడం చూడండి, భలే చిత్రం!) 1933 నవంబరు 3న ఇంగ్లండులో వార్విక్‌షైర్ జిల్లా బెర్క్స్‌వెల్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద ఉద్యోగి, లెఫ్టినెంట్ కల్నల్. కొడుకు ఈటన్‌లో చదివాడు. అది రాజుల పిల్లలూ, మంత్రుల పిల్లలూ చదివే బడి. కానీ కుర్రాడికి అక్షరాలు తిన్నగా కనబడవు. డిస్‌లెక్సియా అంటారే, అదన్నమాట. చదువులో సున్నా. పైగా 'ర' పలకదు. నాలిక తిరగదు. అలాంటివాడు నటుడవుతానన్నాడు!

పదిహేడేళ్లు వచ్చేసరికి ఆపరేషన్ చేయించారు. నాలిక తిరిగింది. ఆపరేషన్‌తోనే పనైపోలేదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజూ ఉచ్చారణ సాధన చేశాడు. మన పద్యనాటకాల నటులు తెల్లవారుజామున లేచి పీకలోతు నీళ్లలో నిలబడి సాధన చేసేవాళ్లని పెద్దలు చెబుతుంటారు, ఆ బాపతు. హోమ్స్ మాట్లాడుతుంటే ఒక్కో అక్షరం విడివిడిగా, పదునుగా వినిపిస్తుంది చూడండి, అదంతా ఆ కష్టమే. ఒక్కప్పుడు 'ర' పలకనివాడి నోరంటే ఎవరూ నమ్మరు.

తండ్రికి ఈ నాటకాల వ్యవహారం సుతరామూ ఇష్టం లేదు. "వేషాలేసుకుంటే వేసుకో, మన ఇంటిపేరు మాత్రం వాడకు" అన్న ధోరణి. సరేనని కుర్రాడు తన సూటు లోపల కుట్టిన దర్జీవాళ్ల లేబుల్ చూశాడు. 'బ్రెట్ అండ్ కో' అని ఉంది. ఆ బ్రెట్‌నే తగిలించుకున్నాడు. ఇంటిపేరు వద్దని ఇంట్లోవాళ్లే అనడం మన నాటకాలవాళ్లకి మాత్రం తెలియదా!

1954లో మాంచెస్టర్‌లో స్టేజీ ఎక్కాడు. 1956లో 'వార్ అండ్ పీస్' సినిమాలో ఆడ్రే హెప్‌బర్న్‌కి అన్నయ్యగా వేశాడు. 1958లో నటి అన్నా మాస్సీని పెళ్లి చేసుకున్నాడు, ఒక కొడుకు పుట్టాడు, 1962లో విడిపోయారు. ఇక్కడొక తమాషా చెప్పాలి. 1979లో బీబీసీ వాళ్లు 'రెబెక్కా' తీశారు. ఇంటి యజమాని మాక్సిమ్‌గా బ్రెట్. ఆ ఇంటిని గుప్పెట్లో పెట్టుకుని కొత్త పెళ్లికూతుర్ని హడలగొట్టే మిసెస్ డాన్వర్స్‌గా ఎవరనుకున్నారు? అన్నా మాస్సీయే! విడాకులిచ్చుకున్న ఆలుమగలు ఒకే సెట్ మీద నిలబడి, ఆ ఛాయ ఎక్కడా కనబడకుండా చేశారు. పని పనే.

లారెన్స్ ఒలివియర్ నడిపిన నేషనల్ థియేటర్లో మూడేళ్లకి పైగా ఉన్నాడు. డ్రాక్యులా వేశాడు. అమెరికాలో 1980లో ఒక నాటకంలో డాక్టర్ వాట్సన్ వేశాడు, అందులో హోమ్స్ ఎవరయ్యా అంటే 'బెన్‌హర్' చార్ల్‌టన్ హెస్టన్! అంటే హోమ్స్ కంటే ముందు ఆ పక్క కుర్చీ రుచి కూడా చూసినవాడన్నమాట.

ఇంతకీ అసలు కథకి వద్దాం. మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్ వాళ్లు హోమ్స్ కథల్ని ఉన్నదున్నట్టుగా తీద్దామనుకున్నారు. నిర్మాత మైకేల్ కాక్స్. స్టూడియో ఆవరణలో బేకర్ వీధిని పూర్తిగా కట్టించారు. బ్రెట్‌కి కబురు చేశారు. అప్పటికే ఎంతోమంది వేసి అరగదీసిన వేషం. కొత్తగా ఏం చెయ్యాలి? ఆయన చేసిన పని వింటే మీకు ముచ్చటేస్తుంది. కోనన్ డోయిల్ కథలన్నీ దగ్గర పెట్టుకుని, హోమ్స్ ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఎలా కూర్చుంటాడు, ఎప్పుడు నవ్వుతాడు, చేతులెలా ఊపుతాడు అని ఏరి ఏరి 77 పేజీల ఫైలు తయారు చేసుకున్నారు యూనిట్‌లో. ఆ 'బేకర్ స్ట్రీట్ ఫైలు' పట్టుకునే సెట్ మీదికి వచ్చేవాడు. స్క్రిప్టు మూలకథని తప్పిందా, దెబ్బలాటే! డోయిల్ కథలు అచ్చయిన స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పేజెట్ వేసిన బొమ్మలున్నాయి. కొన్ని షాట్లలో బ్రెట్ నిలబడే తీరు అచ్చంగా ఆ బొమ్మలే.

1984 ఏప్రిల్ 24న మొదటి భాగం 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' ప్రసారమైంది. అక్కడినించి 1994 దాకా మొత్తం 41 భాగాలు. మొదటి 13 భాగాల్లో వాట్సన్‌గా డేవిడ్ బర్క్, ఆ తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్.

నేను చూసింది కాసెట్ల మీద. లండన్లో ఉన్న మా పెద్దమ్మగారబ్బాయి వచ్చినప్పుడల్లా ఓ నాలుగు తెచ్చేవాడు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ని అద్దెకు తెచ్చుకుని చదివి పెరిగిన ఇల్లు మాది. చూడకుండా ఎలా ఉంటాం? నాతో పాటు కూర్చుని చూసేవాడు మా బాబాయి.

బాబాయి గురించి కాస్త చెప్పనివ్వండి, సంబంధం ఉంది. ఊళ్లో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రమైతే నాటకాల రిహార్సల్సు. పరిషత్తు పోటీల్లో హీరో వేషం అంటే మా బాబాయిదే. ఒక్కోసారి మూడు రాత్రులు నిద్రపోకుండా మూడు నాటకాలు రాసేస్తాననేవాడు. అర్ధరాత్రి పదిమందిని ఇంటికి లాక్కొచ్చి, "వదినా, టీ పెట్టవా" అనేవాడు మా అమ్మతో. నెల తిరిగేసరికి గోడవైపు తిరిగి పడుకుని పలకరించినా పలికేవాడు కాదు. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు. చివరికో పెద్ద డాక్టరుగారు ఇది జబ్బేనని చెప్పి లిథియం బిళ్లలు రాశారు. మనిషి నిలబడ్డాడు. కానీ ఒళ్లు వచ్చింది, వేళ్లు సన్నగా వణికేవి, అస్తమానం దాహం. నాటక సమాజంవాళ్లు, "హీరో పర్సనాలిటీ పోయిందండీ, ఏ తండ్రి వేషమో ఇద్దాం" అన్నారు. ఆ తర్వాత అదీ ఇవ్వలేదు.

సరే. 1984 కాసెట్లలో హోమ్స్ ఎలా ఉంటాడంటే కత్తిలా ఉంటాడు. సోఫా మీంచి ఒక్క గెంతు గెంతుతాడు. అడుగుజాడల కోసం నేలమీద బోర్లా పడి పాకుతాడు. ఉన్నట్టుండి ఒక్క క్షణం నవ్వి, టక్కున ఆపేస్తాడు. మా బాబాయి ఆ నవ్వు చూసి, "ఇది నేర్చుకున్నది కాదురా, లోపల్నించి వస్తోంది" అనేవాడు.

తర్వాత కొన్నేళ్లకి చివరి భాగాల కాసెట్లు వచ్చాయి. అదే కోటు, అదే పైపు. మనిషి మాత్రం వేరు. మొహం ఉబ్బింది. నడక బరువైంది. పక్కింటి కుర్రాళ్లు "ఏంట్రా, హోమ్స్ ఇంత లావయ్యాడూ!" అని పకపకా నవ్వారు. బాబాయి నవ్వలేదు. కాసేపు తెరవంకే చూసి, "ఇతను మందు మీద ఉన్నాడ్రా. లిథియమే ఇది" అన్నాడు. ఎలా తెలుసు బాబాయ్ అని అడిగితే తన చెయ్యి ఎత్తి చూపించాడు.

అది నిజమేనని తర్వాత పత్రికల్లో చదివాం.

జరిగిందేమిటంటే, బ్రెట్ రెండో భార్య జోన్ విల్సన్. అమెరికాలో బ్రిటిష్ సీరియల్స్‌ని జనానికి అలవాటు చేసిన టెలివిజన్ నిర్మాత. ఆవిడ 1985 జులైలో కాన్సర్‌తో పోయింది. అంతకు కొద్దికాలం ముందే స్విట్జర్లండులో, నిజమైన రైకెన్‌బాక్ జలపాతం దగ్గర, హోమ్స్ లోయలో పడిపోయే 'ఫైనల్ ప్రాబ్లమ్' తీశారు. కథలో హోమ్స్ చచ్చి బతికాడు. ఇంట్లో భార్య పోయింది. ఆ దుఃఖంతోనే మళ్లీ సెట్‌కి వచ్చి, చనిపోయాడనుకున్న హోమ్స్ తిరిగొచ్చే కథ చెయ్యాల్సి వచ్చింది. 1986లో మనసు పూర్తిగా విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. మానిక్ డిప్రెషన్ అని తేల్చారు, ఇప్పుడు బైపోలార్ అంటున్నారు. లిథియం మొదలైంది. ఒంట్లో నీరు చేరింది. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండె అప్పటికే దెబ్బతిని ఉంది. పైగా సిగరెట్లు విపరీతం.

అయినా చేశాడు! ఆసుపత్రి నించి వచ్చాక కూడా ఎనిమిదేళ్లు అదే వేషం. హోమ్స్‌ని పేరుపెట్టి పిలిచేవాడు కాదట, 'అతను' అనేవాడట. నటుడనేవాడు స్పాంజిలాంటివాడని, తనని తాను పూర్తిగా పిండేసుకుని పాత్రని పీల్చుకోవాలని ఆయన చెప్పేవాడు. పీల్చుకున్నది హోమ్స్‌ని: చీకటి గదిలో రోజుల తరబడి మాటాపలుకూ లేకుండా కూర్చునేవాణ్ణి, పని దొరికితే నిద్రాహారాలు మానేసేవాణ్ణి. ఇదంతా కలిపి చూస్తే ఆ పాత్ర ఆయన్ని తినేసిందని కొందరు రాశారు. నాకలా అనిపించదు. జబ్బు జబ్బే, పాత్ర పాత్రే. పొద్దున్నే లేచి మేకప్ వేసుకోవడానికి ఒక చోటుండటం ఆ మనిషిని నిలబెట్టిందనే నేననుకుంటాను. మా బాబాయికి ఆ చోటు లేకుండా చేశారు గనక ఈ మాట అంటున్నాను.

మాంచెస్టర్ వాళ్లు మాత్రం ఒళ్లు వచ్చిందని వేషం తీసెయ్యలేదు. 1994లో 'ది మాజరిన్ స్టోన్' తీసేవేళకి బ్రెట్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఏం చేశారు? హోమ్స్ పని చాలావరకు అన్నగారు మైక్రాఫ్ట్‌కి అప్పగించి కథ నడిపించారు. హోమ్స్ కాసేపే కనిపిస్తాడు. సీరియల్ ఆగలేదు, హోమ్స్‌గా ఇంకొకర్ని పెట్టనూలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. హోమ్స్‌కి కొకైన్ అలవాటుందని డోయిల్ రాశాడు గదా. సీరియల్‌ని చిన్నపిల్లలు కూడా చూస్తున్నారని బ్రెట్‌కి తెలిసింది. కథని అక్షరం మార్చనివ్వని మనిషి, ఇక్కడ తనే మార్చాడు. డోయిల్ కుమార్తె అనుమతి తీసుకుని, 1988లో వచ్చిన 'ది డెవిల్స్ ఫుట్'లో, కార్న్‌వాల్ సముద్రతీరాన హోమ్స్ తన సిరంజిని ఇసుకలో పాతిపెట్టేలా చేశాడు. డైలాగు లేదు. ఇసుక తవ్వే చేతులు, వెనక సముద్రం. అంతే.

తన జబ్బు గురించి దాచుకోలేదు. మనదగ్గరే కాదు, ఆ రోజుల్లో అక్కడా ఒక హీరో ఇలాంటిది బయటికి చెప్పుకోవడం చిన్న విషయం కాదు. 1995లో, చివరి నెలల్లో, అలాంటి రోగుల కోసం పనిచేసే సంస్థ తరఫున రేడియోలో విరాళాలకి విజ్ఞప్తి చేశాడు. సెప్టెంబరు 12న లండన్లో తన ఇంట్లోనే నిద్రలో గుండె ఆగిపోయింది. 61 ఏళ్లు. బాబాయికి ఆ కబురు చెబితే, ఉన్న కాసెట్లలోంచి ఒకటి తీసి పెట్టమన్నాడు. ఏది పెట్టనంటే, "లావుగా ఉన్నప్పటిది పెట్టు" అన్నాడు.

కొత్తగా చూడబోయేవాళ్లకి ఒక మాట. ఇప్పుడు కాసెట్లతో పనిలేదు, చేతిలో ఫోనుంటే చాలు. 'ది స్పెకిల్డ్ బాండ్'తో మొదలుపెట్టండి, అందులోని దుర్మార్గపు డాక్టరు కలకత్తాలో ప్రాక్టీసు చేసొచ్చినవాడు. తర్వాత 'ది సైన్ ఆఫ్ ఫోర్' చూడండి, అందులో మన ఆగ్రా నిధి ఉంది, అండమాన్ ఉంది. చివరి భాగం 'ది కార్డ్‌బోర్డ్ బాక్స్' ఆఖరికి అట్టే పెట్టుకోండి. 1994 ఏప్రిల్ 11న ప్రసారమైంది. అందులో గెంతులుండవు, పాకడాలుండవు. బరువుగా కదులుతాడు, ఎక్కువగా కూర్చునే ఉంటాడు. ఎవరైనా మాట్లాడుతుంటే హోమ్స్ వినడం చూడండి. మా బాబాయి ఆ ఒక్క భాగాన్నీ నాలుగుసార్లు వేయించుకుని చూశాడు.