కుదురు

మా మనవడి డైరీలో ఎర్ర ఇంకుతో ఒక మాట రాసొచ్చింది. "క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదు. ఇంట్లో ప్రాక్టీసు చేయించగలరు." వాడికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. ఎల్‌కేజీ. అఆలు దిద్దించమంటే దిద్దిస్తాం, రైములు చెప్పించమంటే చెప్పిస్తాం. కూర్చోవడం ప్రాక్టీసు చేయించడమేమిటో నా అరవై ఆరేళ్ల బుర్రకు ఎక్కలేదు.

అయినా ఆ సాయంత్రం వాణ్ణి ముందు గదిలో కడపబండల మీద కూర్చోబెట్టి గడియారం పట్టుకున్నాను. మొదటి నిమిషం మోకాలి మీద ఎండిన పొక్కు గిల్లుకున్నాడు. రెండో నిమిషం బండల సందులో వరసగా పోతున్న చీమలకు వేలు అడ్డం పెట్టాడు. మూడో నిమిషానికి బోర్లా పడుకుని చెంప బండకు ఆనించాడు, చల్లగా ఉందట. నాలుగో నిమిషంలో "తాతా, ఇంగ అయిపాయనా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా వీధిలో ఉన్నాడు.

నాకు ఒళ్లు మండింది ఆ 'కుదురు' అన్న మాటకు. కుదురంటే ఏమిటి? కుండ కింద పెట్టే గడ్డి చుట్ట. కుండ అడుగు గుండ్రం కాబట్టి ఉత్త నేల మీద పెడితే ఒరుగుతుంది. ఒరిగినందుకు మా ఊళ్లో ఎవరూ కుండను తిట్టలేదు. "కుదురు యాడ పెట్నారే?" అని ఇంట్లోవాళ్ల మీద కేకలేసేవాళ్లు. చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి కట్టే పాదునూ కుదురనే అంటాం. దాన్నీ చెట్టు కట్టుకోదు, మనమే పార పట్టుకోవాలి. ఇంత చక్కటి మాటను తీసుకుపోయి నాలుగేళ్ల పిల్లాడి నెత్తిన నేరంగా పెట్టారు.

మరునాడు పోట్లాటకని బడికి పోయాను. ఏ బడి అని అడక్కండి, కర్నూల్లో అలాంటివి వీధికి రెండున్నాయి. టీచరమ్మకు పాతికేళ్లుంటాయేమో. "ముప్పై ఎనిమిది మంది సార్. ఒకడు లేసినాడంటే అందరూ లేస్తారు. నేనేం చేయాల?" అంది. నా దగ్గర జవాబు లేదు. గదిలోకి తొంగి చూశాను. బెంచీకి నలుగురు, ఎవరి కాళ్లూ నేలకు అందడం లేదు. ముప్పై ఎనిమిది జతల కాళ్లు గాల్లో ఊగుతున్నాయి. అందరూ నోటి మీద వేలు పెట్టుకున్నారు, చివరి బెంచీ పిల్ల మాత్రం ఆ వేలిని నోట్లోనే పెట్టుకుని హాయిగా చప్పరిస్తోంది. టీచరుకు కుర్చీ లేదు. కూర్చుంటే పాఠం సాగదని తీసేయించారట. ఆమె కూర్చోకూడదు, వాళ్లు నిలబడకూడదు. పీరియడు నలభై నిమిషాలు. పోట్లాట మరిచిపోయి ఇంటికొచ్చాను.

నలభై నిమిషాలు! నేను కర్నూలు నుంచి కడప బస్సెక్కితే నంద్యాల రాకముందే మూడుసార్లు తుంటి మార్చుకుంటాను. ఆళ్లగడ్డలో టీకి ఆగితే డ్రైవరుతో సహా బస్సంతా దిగి ఒళ్లు విరుచుకుంటుంది. వాళ్లెవరి డైరీలోనూ ఎవరూ ఏమీ రాయరు.

ఇది ఇంగ్లీషు మీడియం తెచ్చిన రోగమని సరిపెట్టుకుందామంటే అదీ కుదరదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్, తెలుగు వ్యాకరణం రాసిన ఆ దొరే, ఇక్కడి వీధిబడుల మీద ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని అప్పుడు బళ్లారి కిందే ఉండేది కాబట్టి అందులో మన ముత్తాతలూ ఉన్నట్టే. అయిదో ఏట బడి. పొద్దున ఆరింటికే హాజరు. ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన తలకొకటి పెంచుకుంటూ పోవడం. బద్ధకస్తులకు కోదండం. చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం. కూర్చోనివాణ్ణి కుదురుగా ఉంచే ఉపాయం వాళ్లకూ అంతకు మించి తట్టలేదన్నమాట.

గుజరాత్‌లో గిజుభాయి అనే పెద్దమనిషి 1932లో 'దివాస్వప్న' రాశాడు. అందులో మేష్టారు మొదటిరోజే నిశ్శబ్దం ఆట ఆడిద్దామని తలుపులు మూయిస్తాడు. క్లాసు సంతలా తయారవుతుంది. మరునాడు కథ మొదలుపెడితే అందరూ గప్‌చిప్. అది నాలుగో తరగతి, మావాడి కంటే రెట్టింపు వయసున్నవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో, మూడు నాలుగేళ్లవాళ్లు రోజుకు మూడు గంటలు కదులుతూ ఉండాలని చెప్పింది. మా అవ్వ ఏ సంస్థా చెప్పకుండానే "ఎండ పొద్దు తిరిగిందాకా ఇంట్లోకి రావద్దు పోండ్రా" అని మమ్మల్ని తరిమేది. నన్నడిగితే కథకు పావుగంట, అక్షరాలకు అయిదు నిమిషాలు. అంతకు మించి అడగడం అత్యాశ.

మా అయివారు అయిదు నిమిషాలు కూడా అడిగేవాడు కాదు. కోయిలకుంట్ల పక్క పల్లె, వేపచెట్టు కింద బడి. రాగానే "ఒక్కొక్కడు ఇరవై చింతగింజలు ఏరుకోని రాండి, తక్కువైతే చూడు" అనేవాడు. మేం ఊరంతా తిరిగి తెచ్చేవాళ్లం. లెక్కపెట్టించి మళ్లీ పంపేవాడు, ఈసారి ముప్పై. గొప్ప విద్యావేత్త అని చాలా ఏళ్లు మురిసిపోయాను. ఆయన బీడీ కాల్చుకోవడానికి మమ్మల్ని తోలేవాడని పెద్దయ్యాక మా నాయన చెప్పాడు. చెబితేనేం, లెక్కలొచ్చాయి. ఆ గింజలను బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీసి బారాకట్ట ఆడేవాళ్లం. అరగదీస్తే గింజ చురుక్కుమని వేడెక్కేది, పక్కవాడి చేతికి అంటించి పరిగెత్తడం.

చింతగింజల మాటకొస్తే మా అవ్వ వాటిని నీళ్లకుండ పక్కన గంపలో పోసి పెట్టేది. ఆ కుండ కింద కుదురు ఆమె చేసిందే, గడ్డి మెలిపెట్టి, పాత చీరపేలిక చుట్టి. ఈ ఎండాకాలం ఫ్రిజ్ నీళ్లు గొంతు పట్టేస్తున్నాయని నేనొక కుండ కొన్నాను. కుదురు కావాలంటే అంగడివాడు నా మొహంకేసి చూసి "ఇనప స్టాండుంది, ఇమ్మంటారా సార్?" అన్నాడు. కర్నూలు పాతబస్తీ అంతా తిరిగాను, గడ్డికుదురు దొరకలేదు. చివరికి అటకెక్కి పాత సైకిలు టైరొకటి దింపి, రెండు మడతలు వేసి, కట్టి కుండ పెట్టాను. బాగానే నిలబడింది, నాలుగు రోజులు.

నిన్న పొద్దున చూస్తే కుండ గోడకు ఒరిగి ఉంది. టైరు లేదు. వీధిలో దడదడమని చప్పుడు, వెనకే మా కోడలి అరుపు.