మొరం నుంచి మెరక దాకా

మొగల్తూరు వాళ్ళకి గోదావరి అంటే నర్సాపురం రేవు, అవతలి ఒడ్డున సఖినేటిపల్లి, ఇంకాస్త దిగువన అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే వశిష్ఠ. ఊరి చేలల్లోకి కాలవల వెంట వచ్చే నీళ్ళూ ఆ గోదారివే. ఈ నీళ్ళు పుట్టిన చోటు నుంచి కాస్త దూరం పారాయో లేదో, రెండు పక్కలా ద్రాక్ష తోటలు ఎదురవుతాయి. మన దేశంలో వైన్ అనగానే ముందు చెప్పే ఊరు నాసిక్, ఆ ఊరు గోదావరి ఒడ్డునే ఉంది. 1,465 కిలోమీటర్ల నదికి ఒక కొసన వైన్, ఇంకో కొసన వరి, కొబ్బరి, మామిడి, తాటికల్లు. నీరు ఒకటే. మట్టిలో కూడా కొంత పైనుంచి కొట్టుకొచ్చిందే. పంటలో ఇంత తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే ఏటి వెంట దిగి రావాలి.

గోదావరి పుట్టే చోటు, త్ర్యంబకం పైనున్న బ్రహ్మగిరి, నల్లరాతి కొండ. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో పొర మీద పొరగా పారిన లావా గట్టిపడి అయిన రాయి అది. కొండ దిగిన ఏటికి నాసిక్ చేరకముందే గంగాపూర్ దగ్గర ఆనకట్ట ఉంది. ఆ జలాశయం పక్కనే రాజీవ్ సామంత్ 1990లలో ద్రాక్ష నాటించి సులా వైనరీ పెట్టాడు. 2000లో దాని మొదటి సీసాలు బజారులోకి వచ్చాయి. ఆ తర్వాత చుట్టుపక్కల వైనరీలు బాగా పెరిగాయి. ఇప్పుడు నాసిక్ లోయ వైన్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

అక్కడి కొండ వాలు మీద ఒక తోటలో పిడికెడు మట్టి తీస్తే సగం రాళ్ళే వస్తాయి. ఎర్రటి మొరం. వేళ్ళ మధ్య నలిపితే పొడి రాలుతుంది, తడిపితే ముద్ద కట్టదు. మూరెడు లోతు తవ్వితే మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయి. పోసిన నీరు పైన నిలవదు, పగుళ్ళ వెంట కిందికి జారుతుంది. వేరు దాని వెనకే దిగాలి. పల్లపు వైపు నల్లరేగడి కూడా ఉంది. అందులో తీగ ఏపుగా సాగి, ఆకు దట్టమై, గుత్తులు నీడన పడతాయి. తినే ద్రాక్షకు పండు లావే లాభం. వైన్‌కి పండు చిన్నదిగా, తొక్క మందంగా ఉండాలి. ఎర్ర వైన్‌లో రంగు తొక్క నుంచే వస్తుంది, వగరులోనూ వాసనలోనూ చాలా భాగం దానిదే. కాయ చిన్నదైతే రసం పాలు తగ్గి తొక్క పాలు పెరుగుతుంది.

కొన్ని వైన్లలో రాతి రుచి తెలుస్తుందని అంటుంటారు. రాయి రుచిని వేరు పీల్చి పండులో పెట్టదు. ఫ్రాన్స్‌లోని బోర్డో తోటల నేలల్ని ఏళ్ళ తరబడి పరీక్షించిన శాస్త్రవేత్త జెరార్ సెగాన్ తేల్చింది వేరే సంగతి. అక్కడ గొప్ప వైన్లు గులకనేలలోనూ పండుతున్నాయి, బంకమట్టిలోనూ పండుతున్నాయి, సున్నపురాతి నేలలోనూ పండుతున్నాయి. వాటన్నిటికీ ఉమ్మడి గుణం ఒక్కటే. వాన ఎక్కువైతే నీటిని త్వరగా వదిలేస్తాయి, ఎండ ముదిరితే దాచుకున్నది కొద్దికొద్దిగా ఇస్తాయి. పండు రంగు తిరిగే వేళకి తీగకి కాస్త దాహం పుట్టాలి. అప్పుడు చిగురు ఆగి, ఆకు చేసిన చక్కెర పండుకి చేరుతుంది. దాహం ముదిరితే తోట ఎండుతుంది, అసలు లేకపోతే వైన్ పలచబడుతుంది. నేల చేసే పనల్లా ఆ దాహాన్ని అదుపులో పెట్టడమే.

మిగతా పని ఎత్తుది, రాత్రిది. నాసిక్ తోటలు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నాయి. చలికాలంలో పగలు ఎండ కాస్తుంది, రాత్రి గట్టిగా చలి వేస్తుంది. రాత్రి చల్లగా ఉంటేనే పండులో పులుపు నిలుస్తుంది. వెచ్చటి రాత్రుల్లో తీగ ఆ పులుపుని తానే ఖర్చు పెట్టేసుకుంటుంది. నాసిక్‌లో ద్రాక్షకి యూరప్‌లోలాగా చలికి నిద్రపోయే కాలం లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్లో ఒకసారి కొమ్మ కోసం, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి కాయ కోసం. జనవరి నుంచి మార్చి దాకా కోత.

నాసిక్ దాటాక నది పైఠణ్, నాందేడ్ మీదుగా రేగడి మైదానాల్లో పారి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. తెలుగువాళ్ళ సొంత ద్రాక్ష మాత్రం ఈ ఒడ్డున పెరగలేదు. అది ఇంకా దక్షిణాన, హైదరాబాద్ చుట్టూ ఉన్న ఎర్ర చెలకల్లో పెరిగింది. అనాబ్-ఎ-షాహీ పేరు విన్న పాతతరం ఇంకా ఉంది. అది తినే ద్రాక్షే, అయినా ఎత్తయిన నేల, నీరు నిలవని మట్టి, పొడిగాలి అనే లెక్క దానికీ తప్పలేదు. గోదావరి మాత్రం ప్రాణహితనీ, ఇంద్రావతినీ, శబరినీ కలుపుకొని పాపికొండల ఇరుకులోంచి బయటపడి రాజమండ్రి దగ్గర వెడల్పవుతుంది. దాని పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం ఆ నల్లరాతి దేశమే. వరదకి వచ్చే బురదలో నాసిక్ కొండల పొడి కూడా ఉంటుంది.

ధవళేశ్వరం దగ్గర 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. పడమటి డెల్టాకి నీరు విజ్జేశ్వరం లాకుల దగ్గర మళ్ళుతుంది. అక్కడి నుంచి మొగల్తూరు దాకా కాలవ గట్టు మీద వెళితే ద్రాక్ష ఇక్కడికి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల చదును, ఒండ్రు లోతు, నీరు చేతికందే లోతున ఉంటుంది. వేరుకి వెతుక్కునే పనే లేదు. గాలి నిండా తేమ, ఆ తేమలో ద్రాక్ష ఆకుకి బూజు తెగుళ్ళు ఆగవు. నాసిక్‌లో కత్తిరించిన తీగ లేతగా చిగురించే అక్టోబరు, నవంబరుల్లోనే మన తీరానికి తుపాన్లు వస్తాయి. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరి చెట్లనే కూల్చిన గాలికి ద్రాక్ష పందిరి ఓ లెక్కా? వరికి ఈ నేల ఇచ్చిన సంపదే ద్రాక్షకి అడ్డు.

నదీముఖాలన్నీ ఇలాగే ఉండాలని మాత్రం లేదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు పాలకొల్లులో, నర్సాపురంలో బట్టల బేరం చేసి ఓడలు నింపుకునేవాళ్ళు. అదే శతాబ్దంలో వాళ్ళ ఇంజనీర్లు ఫ్రాన్స్‌లో బోర్డో కింద మెడోక్ చిత్తడి నేలలకి మురుగు కాలవలు తవ్వారు. నీరు దిగిపోయాక నది పూర్వం తెచ్చిపోసిన గులకదిబ్బలు సాగుకి దొరికాయి. ఇప్పుడు ప్రపంచం వేలం వేసి కొనే వైన్లలో చాలా ఆ దిబ్బల మీదివే. పక్కనే ఉన్న పల్లంలో పశువులు మేస్తాయి.

దిబ్బకీ పల్లానికీ ఉన్న ఈ తేడా మొగల్తూరు రైతుకి కొత్త కాదు. ఇక్కడ నేల రెండు రకాలు, పల్లం, మెరక. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా ఒడ్డుకి సమాంతరంగా వదిలిపోయిన ఇసుకదిబ్బలే ఈ మెరకలు. వరి పల్లంలో, మామిడి, తాడి, జీడి, సరుగుడు మెరక మీద. ఫ్రాన్స్‌లోని బర్గండీ వాలు అంతా ఈ లెక్కే. అడుగున ఒండ్రు పేరుకున్న చేల నుంచి మామూలు వైన్, నడిమి వాలు నుంచి ఖరీదైన వైన్, మట్టి మరీ పలచనైన పై అంచున మళ్ళీ తగ్గుదల. అక్కడ క్లో ద వూజో అనే 50 హెక్టార్ల తోట గోడ లోపలే పైభాగానికీ కింది భాగానికీ తేడా చెబుతారు.

పేరుపాలెం వైపు మెరక మీద ఇసుకలో చెలమ తవ్వితే ఈ నేల గుట్టు తెలుస్తుంది. పైన పొడి ఇసుక, కింద తడి, ఇంకాస్త కింద తియ్యటి నీరు ఊరుతుంది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఉప్పు తగలదు. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలి నిలుస్తుంది. మామిడి వేరు ఆ పొరనే నమ్ముకుంటుంది. పోర్చుగల్‌లో కొలారెస్ అనే సముద్రపు ఒడ్డున ద్రాక్షని ఇసుకలోనే పెంచుతారు. అడుగున ఉన్న బంకమట్టి దాకా గోతులు తవ్వి నాటేవాళ్ళు. ఇసుక కూలితే ఊపిరాడాలని తలమీద బుట్ట బోర్లించుకుని దిగేవాళ్ళని చెబుతారు. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షని చాలావరకు తుడిచిపెట్టిన వేరు పురుగు ఆ ఇసుకలో బతకలేక ఆ తోటల్ని వదిలేసింది.

ఒక నేల గుణం ప్రపంచానికి తెలియాలంటే సరుకు నిలవుండాలి. మంచి వైన్ సీసాలో ఇరవై ఏళ్ళు ఆగుతుంది కాబట్టి ఈ చేనుదీ ఆ చేనుదీ పక్కపక్కన పెట్టి పోల్చారు. బర్గండీలో సన్యాసి మఠాలు ఒకే తోటని వందల ఏళ్ళు చేతిలో ఉంచుకుని ఆ లెక్క తేల్చాయి. తాటికల్లు పొద్దున తియ్యగా దిగి మధ్యాహ్నానికి పులుస్తుంది. మామిడి వారంలో మెత్తబడుతుంది. ఏ మెరక కాయ బాగుంటుందో తోట కాసే మనిషికి తెలుసు. ఆ తెలివి మొగల్తూరు పొలిమేర దాటేలోగా లారీలో అన్ని కాయల్తో కలిసిపోతుంది. అడంగల్లో దానికి గడి లేదు, మార్కెట్లో దానికి ధర లేదు. ధర లేనప్పుడు మెరకని తవ్వి ఇసుక అమ్ముకోవడమూ, పక్కన రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీరు నింపడమూ లాభంగానే కనిపిస్తాయి. ఆ రెండిట్లో ఏది జరిగినా దెబ్బతినేది ఇసుక కింద తేలుతున్న తియ్యటి నీటి పొర. అది పోయాక ఎంత మంచి రకం అంటు తెచ్చి నాటినా ఆ మెరక రుచి రాదు.