ఇంటితో సహా డెత్ వ్యాలీకి

లాస్ వేగాస్‌లో ఆర్వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకిచ్చిన కుర్రాడు పావుగంటలో అన్నీ చూపించేసి సంతకం పెట్టమన్నాడు. నేను ఆగమని చెప్పి, ఒంగోలు నుంచి వచ్చిన అమ్మానాన్నలను పిలిచి, వాళ్ల ముందు అన్నీ మళ్లీ మొదటినుంచి చూపించమన్నాను. గ్యాసు, పెట్రోలు, కరెంటు, నిద్రపోయే మనుషులు అందరూ ఒకే డబ్బాలో ప్రయాణం చేసే బండి ఇది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఒక్కడికే అన్నీ తెలిసి, తీరా వాడికే ఏదైనా అయితే? ఆర్వీ ప్రయాణంలో నా భయమంతా అదే.

బండి పక్కన చిన్న తలుపు తీస్తే గ్యాస్ ట్యాంకు. నాన్న వంగి వాల్వును కుడివైపు తిప్పి మూశారు, తెరిచారు, మళ్లీ మూశారు. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే కిందికి చేరుతుంది. అందుకే దాని అలారాన్ని లోపల నేలకు దగ్గరగా బిగిస్తారు. ఇక కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు. జనరేటర్ పొగ లోపలికొస్తే నిద్రలోనే ప్రాణం పోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే ఎందుకు మోగిందా అని వెతుకుతూ కూర్చోకుండా ముందు బయటికి వచ్చేయాలని అందరికీ గట్టిగా చెప్పాను.

వెనక మంచం పక్క కిటికీకి ఎర్ర పిడులున్నాయి. తలుపు దగ్గర మంటలొస్తే దారి అదొక్కటే. "ఒకసారి తీసి చూడమ్మా" అన్నాను. "ఈ మోకాళ్లతో అంత ఎత్తు నుంచి నేనెక్కడ దూకుతానురా" అంది. ఆమె పిడులైతే లాగింది కానీ అద్దం కదల్లేదు. నేను భుజం ఆనించి తోస్తే గానీ తెరుచుకోలేదు. అప్పటికప్పుడు పడకలు మార్చేశాం. తలుపు పక్క సోఫా అమ్మకు, వెనక మంచం మా ఆవిడకూ నాకూ.

మందుల సంచీ సర్దే పని మా ఆవిడ తీసుకుంది. ఊళ్లో కొన్న మాత్రల బ్రాండ్ పేర్లు అమెరికా డాక్టర్లకు తెలియవు. అందుకని ప్రతి మందు అసలు పేరు, మోతాదు, వేసుకునే వేళ కాగితం మీద రాసి, ఇన్సూరెన్స్ కార్డు నకలుతో కలిపి పెట్టింది. అమ్మ ఇన్సులిన్‌కు ఫ్రిజ్‌లో ముందువైపు అర కేటాయించింది. ఈ బండ్ల ఫ్రిజ్‌లలో వెనకనున్న రేకులకు ఆనితే గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. టైర్ల మీద చివరి నాలుగంకెలు చూసుకున్నాను, అవి టైరు తయారైన వారం, సంవత్సరం. గాలి కొట్టించి బయల్దేరాం.

పరంప్‌లో పెట్రోలు నింపుకున్నాక కొండలూ ఎడారీ తప్ప ఏమీ లేదు. డెత్ వ్యాలీ పార్కులోని ఫర్నేస్ క్రీక్‌లో 1913 జూలై 10న 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది, ప్రపంచ రికార్డుగా ఇప్పటికీ దాన్నే చెబుతారు. మేం వెళ్లింది నవంబరులో, ఎండ హాయిగానే ఉంది. అయినా మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన తాగునీళ్లు విడిగా క్యాన్లలో పెట్టుకున్నాం. బండి ట్యాంకు నీళ్ల మీద ఆధారపడితే, పంపు చెడిపోయిన రోజున తాగడానికి చుక్క ఉండదు. ఇక్కడ వానకు కూడా భయపడాలి. 2023 ఆగస్టు 20న హిలరీ తుపానుకు ఒక్క రోజులో 2.2 అంగుళాలు కురిసింది. అది ఇక్కడ దాదాపు ఏడాది వాన. రోడ్లు కొట్టుకుపోయి, పార్కు అక్టోబరు 15 దాకా తెరుచుకోలేదు.

పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. నా ఐఫోన్‌లో శాటిలైట్ ఎస్ఓఎస్ ఎలా పంపాలో డెమోలో నాన్నతో చేయించాను. ఆకాశం కనిపించేచోట నిలబడి, తెర మీద బాణం చూపినవైపు ఫోన్ తిప్పుతూ ఉండాలి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవద్దు, నీడలో బండి దగ్గరే ఉండాలి అని కూడా మాట అనుకున్నాం.

స్టవ్‌పైప్ వెల్స్‌లో బస చేసిన రాత్రి గ్యాస్ అలారం కూసింది. నేను లేచి తలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మ అప్పటికే మందుల సంచీ భుజాన వేసుకుని కింద నిలబడి ఉంది. నాన్న చీకట్లో తడుముకుంటూనే వాల్వు మూసేశారు. ఒక్కరూ లైటు స్విచ్ ముట్టుకోలేదు. పక్క బండి పెద్దాయన టార్చితో వచ్చి చెవి ఒగ్గి విన్నాడు. గ్యాస్ అయితే ఆపకుండా మోగుతుంది, ఇలా ఆగి ఆగి కూస్తే బ్యాటరీ తగ్గినట్టు అన్నాడు. రాత్రంతా హీటర్ ఫ్యాను తిరిగి బ్యాటరీని తాగేసింది. తలుపులన్నీ తీసి గాలాడనిచ్చి, వాసనేమీ లేదని తేల్చుకున్నాకే లోపలికెళ్లాం. చలికి అమ్మ వణుకుతున్నా, ఆమెనూ నాన్ననూ చూస్తే నాకు కొండంత ధైర్యం వచ్చింది.

మర్నాడు టౌన్ పాస్ కనుమ దాటాలి. సముద్రమట్టం నుంచి ఐదువేల అడుగుల దాకా ఎక్కి, వెంటనే అటువైపు దిగాలి. ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపాను. దిగేటప్పుడు లో గేర్‌లో, బ్రేకు మీద కాలు అట్టే పెట్టకుండా నెమ్మదిగా దించాను. వెనక కార్లు చేరితే పక్కకు తీసి దారిచ్చాను.

లోన్ పైన్ చేరేసరికి ఫోన్లు మోగడం మొదలైంది. హైవే 395 మీద ఎత్తైన బండ్లకు ఈదురుగాలి హెచ్చరిక ఉందట. ముందున్న బిషప్ ఊళ్లో ఆ రాత్రి బసకు అప్పటికే డబ్బు కట్టేశాం. "పోతే పోనీలేరా ఆ డబ్బులు" అన్నారు నాన్న. విట్నీ శిఖరం కనిపించేచోట బండి ఆపి, మా ఆవిడ ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతుంటే, నేను బిషప్‌కు ఫోన్ చేసి రేపు వస్తామని చెప్పాను.