ఖేడ్‌కు కొత్త ల్యాప్‌టాప్ ఎప్పుడొస్తుంది?

ఎక్కడో విదేశాల్లో ఇంకా అట్టపెట్టెలోకి కూడా చేరని ల్యాప్‌టాప్ గురించి ఇక్కడ నారాయణఖేడ్ బస్టాండు దగ్గర చర్చ నడుస్తుంటుంది. దాని పేరు తెలుసు, రంగు తెలుసు, లోపల ఎన్ని జీబీల మెమరీ ఉంటుందో తెలుసు. ధర ఒక్కటే తేలాలి! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా పెద్దలు? నవ్వుకుని వదిలేయొచ్చు కానీ, ఆ రాని సోమలింగం కోసం ఎదురుచూసేవాళ్లలో చేతిలో ఉన్న కాస్త డబ్బుతో బిడ్డ చదువు గట్టెక్కించాల్సినవాళ్లూ ఉంటారు. చిక్కంతా అక్కడే.

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద బయల్దేరితే పటాన్‌చెరు దాటాక, కంది దగ్గర కుడివైపుకు నాందేడ్ దారి చీలుతుంది. జోగిపేట మీదుగా ఆ దారిన పోయి పక్కకు తిరిగితే నారాయణఖేడ్. మొత్తం వంద కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, 2016 దాకా మెదక్ జిల్లా. ఇంకా వెనక్కి వెళ్తే 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకూ ఇది బీదర్ జిల్లాలోని తాలూకా. 'ఖేడ్' అన్న మాటే మరాఠీ వాసన వేస్తుంది. పల్లె అని అర్థం. అటు కన్నడ దేశం, కాస్త పైకి పోతే మరాఠా దేశం. అంగట్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాష అన్నీ వినిపిస్తాయి. అందుకేనేమో, గాలివార్తలు కూడా నాలుగు దిక్కుల నుంచీ వస్తాయి.

'ఆగరాదు అన్నా, దసరాకు కొత్త మోడల్ వస్తదట. పాతదాని రేటు పడిపోతది.'

ఈ ఒక్కమాట చాలు, కొనడానికి బయల్దేరిన మనిషి వెనక్కి తిరగడానికి.

మూడు క్యాలెండర్లు

ఖేడ్ చుట్టూ నల్లరేగడి. పత్తి, కంది, సోయా ఇక్కడి పంటలు. పత్తి తీతలు దసరా దాటాక ఊపందుకుంటాయి. కంది ఇంటికొచ్చేది సంక్రాంతి అటూ ఇటూగా. రైతు ఇంట్లో నాలుగు పెద్దనోట్లు కనిపించేది ఆ రోజుల్లోనే. తండాల్లోనైతే ఆ కాలానికి చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. చెరకు నరకడానికి కుటుంబాలు కుటుంబాలే వలసపోతాయి. అడ్వాన్సుగా తీసుకున్న డబ్బు తీరాకే మిగతా ఖర్చుల ఆలోచన.

ఇది భూమి క్యాలెండరు. చదువుల క్యాలెండరు వేరు. డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచీ 'దోస్త్' పేరిట అంతా ఆన్‌లైనే. ఆ హడావుడి వేసవిలో మొదలై వానలు పడేదాకా సాగుతుంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష 2018లో కాగితం మీద నుంచి కంప్యూటర్ మీదికి మారింది. అంటే మౌస్ పట్టుకోవడం రాని పిల్ల, లెక్క తెలిసి కూడా తెర ముందు తడబడే ప్రమాదం వచ్చిందన్నమాట.

మూడోది కంపెనీల క్యాలెండరు. జనవరి మొదట్లో అమెరికాలోని లాస్‌వేగాస్‌లో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరుగుతుంది. ఆ ఏడాది రాబోయే ల్యాప్‌టాప్‌లను అక్కడ చూపిస్తారు. అవి మన దుకాణాలకు చేరేసరికి నెలలు పడుతుంది. ఎండాకాలం దాటాక 'చదువుల సీజన్' ఆఫర్లు, దసరా దీపావళికి పండగ ఆఫర్లు. అవి అయ్యీ అవకముందే మళ్లీ జనవరి, మళ్లీ కొత్త పేర్లు.

ఈ మూడూ ఒక్కచోట కలవవు. పిల్లకు అవసరమైన జూన్‌లో తండ్రి చేతిలో విత్తనాల అప్పు ఉంటుంది. డబ్బొచ్చిన జనవరిలో 'ఆగు, కొత్తవి వస్తున్నాయి' అన్న వార్త ఉంటుంది. ఆగితే మార్చి, ఇంకాస్త ఆగితే మళ్లీ జూన్. అప్పటికి ల్యాప్‌టాప్ డబ్బు ఎరువుల కొట్టుకు చేరిపోతుంది!

పుకారుకే కూలిన కంపెనీ

ఎదురుచూపు కొనేవాడినే కాదు, అమ్మేవాడినీ ముంచుతుందని చెప్పే కథ ఒకటుంది. దాని నాయకుడికి మన దక్షిణాదితో చుట్టరికం కూడా ఉంది. పేరు ఆడమ్ ఆస్బోర్న్. 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి రమణ మహర్షి భక్తుడు కావడంతో ఆడమ్ బాల్యం తిరువణ్ణామలైలో గడిచింది. పెద్దయ్యాక అమెరికా చేరి, 1981లో 'ఆస్బోర్న్ 1' అనే కంప్యూటర్ తెచ్చాడు. చేత పట్టుకుని తీసుకెళ్లగల కంప్యూటర్‌గా వ్యాపారంలో గెలిచిన మొదటిది అదే. బరువు సుమారు 11 కిలోలు, తెర అయిదంగుళాలు, ధర 1795 డాలర్లు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ముత్తాత అనుకోవచ్చు.

జనం ఎగబడి కొన్నారు. 1983 మొదట్లో ఆస్బోర్న్ తన తర్వాతి మోడల్ గురించి ముందే గొప్పగా చెప్పాడు. ఇంకేముంది, ఎలాగూ కొత్తది వస్తోందిగా అని పాతదాన్ని అడిగేవాళ్లు తగ్గిపోయారు. కొత్తది చేతికి రాలేదు, పాతది గోడౌన్లలో పేరుకుపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే కంపెనీ దివాలా తీసింది. పోటీ కంపెనీలు, లెక్కల్లో లోపాలు కూడా కారణమేనని వాదించేవాళ్లు ఉన్నారు. అయినా, రాబోయేదాన్ని చెప్పి ఉన్నదాన్ని చంపుకోవడానికి వ్యాపార పాఠాల్లో 'ఆస్బోర్న్ ఎఫెక్ట్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయన మాత్రం ఆ హడావుడంతా వదిలి చివరికి మన దేశానికే వచ్చేశాడు. 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

గింజ మారిందా, సంచి మారిందా?

ఇంతకీ ఏటేటా వచ్చే కొత్త మోడల్‌లో కొత్తదనం ఎంత? ఈ ప్రశ్న ఖేడ్ రైతుకు కొత్త కాదు. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. ఆ తర్వాత సంచుల మీద పేర్లు వందల్లో మారాయి. కాయపురుగును ఆపాల్సిన జన్యువులు మాత్రం అవే! అందుకే అనుభవమున్న రైతు సంచి మీద బొమ్మ చూసి ఊరుకోడు, లోపల ఏముందని అడుగుతాడు.

ల్యాప్‌టాప్‌ను కూడా అలాగే అడగాలి. ఇంటెల్ కంపెనీ 2007 నుంచి 'టిక్-టాక్' అనే పద్ధతి పాటించింది. ఒక విడతలో చిప్‌లోని భాగాలను ఇంకా చిన్నవి చేయడం, తర్వాతి విడతలో డిజైన్ మార్చడం. 2016 నాటికి ఆ నడక సాగక దాన్ని పక్కన పెట్టింది. చిప్‌ల తయారీ 14 నానోమీటర్ల దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయింది. కొత్త పేర్లు మాత్రం ఆగలేదు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించే 'ఐ5' స్టిక్కరునే తీసుకోండి. 2015లో వచ్చిన ఆరో తరం ఐ5-6200యూలో పనిచేసే కోర్లు రెండు. 2016లో ఏడో తరం వచ్చింది, కోర్లు రెండే, వేగం కాస్త పెరిగింది. 2017లో ఎనిమిదో తరం ఐ5-8250యూలో కోర్లు ఒక్కసారిగా నాలుగయ్యాయి. అదీ మార్పంటే! 2019లో పదో తరం ఐ5-10210యూ వచ్చింది. తరం సంఖ్య రెండు పెరిగింది, కోర్లు నాలుగే. ఆపిల్ సంగతీ అంతే. 2020లో సొంత ఎం1 చిప్‌తో పెద్ద గంతే వేసింది. తర్వాత 2022లో ఎం2, 2023లో ఎం3, 2024లో ఎం4, 2025లో ఎం5... ఒక్కో మెట్టూ పైకే, కానీ అంత గంతు మళ్లీ మళ్లీ రాదు. ఏటా ఎదురుచూసేవాడికి చాలా ఏళ్లు దక్కేది ఒక మెట్టే.

హైటెక్ సిటీ పాతది, ఖేడ్ కొత్తది

కొత్తొక వింత పాతొక రోత అంటారు. ఆ రోతే మరో ఊరికి వింత. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత దాని చుట్టూ పెరిగిన కంపెనీలు ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లను మూడు నాలుగేళ్లకోసారి మార్చేస్తుంటాయి. తీసేసినవి మూటలు మూటలుగా వ్యాపారుల చేతికి వస్తాయి. దుమ్ము దులిపి, బ్యాటరీ మార్చి, మళ్లీ అమ్మకానికి పెడతారు. అలాంటివాటికి పేరుమోసిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. ఇరుకు వరండాలు, అద్దాల వెనక వరసగా నల్లటి ల్యాప్‌టాప్‌లు, గడప గడపకూ 'ఏం కావాలి సార్' అన్న పిలుపు.

ఖేడ్ నుంచి అక్కడికి ఒక రోజు పని. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి బేరం, రాత్రికి ఇల్లు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బిడ్డను తోలుకుని తల్లే బయల్దేరినా ఛార్జీల బెంగలేదు. దారిలో కంది దగ్గర బస్సు ఐఐటీ ముందు నుంచే పోతుంది. ఆ గోడల లోపల 'పరమ్ సేవా' అనే సూపర్ కంప్యూటర్ ఉంది. ఖేడ్ ఉన్న జిల్లాలోనే!

సీటీసీలో కళ్లు తెరుచుకుని కొనాలి. అడగాల్సినవి నాలుగే. ప్రాసెసర్ ఎన్నో తరం? మెమరీ ఎనిమిది జీబీ ఉందా, పెంచుకునే వీలుందా? లోపల ఉన్నది పాతకాలపు హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ తాళం తీసేశారా, లేదా? మూడో ప్రశ్న చిన్నదేం కాదు. తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ అటూఇటూగా చదివితే, మామూలు ఎస్‌ఎస్‌డీ 500 దాకా చదువుతుంది. అయిదేళ్ల పాత యంత్రానికి దాన్ని వేయిస్తే నిమిషాల్లో తెరుచుకునేది సెకన్లలో తెరుచుకుంటుంది. కొన్ని పల్చటి కొత్త మోడళ్లలో మెమరీని బోర్డుకే అతికించేస్తున్నారు. వాటిలో తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. పెంచుకునే వీలున్న పాతది ఆ విషయంలో నయం!

తారీఖు పెట్టిన చిక్కు

అయితే 2025 అక్టోబరు 14 ఈ గొలుసుకు ఒక ముడి వేసింది. ఆ రోజుతో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు 2026 అక్టోబరు 13 దాకా గడువు పెంచారంతే. విండోస్ 11కేమో, కొద్ది మినహాయింపులు పోను, ఎనిమిదో తరం నుంచే అర్హత. మన హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్టే పెట్టిన షరతిది. ఏడో తరం ల్యాప్‌టాప్ చక్కగా పనిచేస్తున్నా సరే, గడప బయటే నిలబడాల్సి వచ్చింది. ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే దరఖాస్తులు నింపడం, పాఠాలు వినడం వంటి పనులకు అదింకా పనికొస్తుంది. డబ్బు పెట్టి కొనేవాళ్లు మాత్రం ఎనిమిదో తరానికి కిందికి దిగకపోవడమే మంచిది.

ఇక ధరల పుకార్లు. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్స్ తప్పనిసరని కేంద్రం ప్రకటించగానే, దొరకవేమో అన్న కంగారు పుట్టింది. తర్వాత ఆ నిబంధనను సడలించారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు ల్యాప్‌టాప్‌లూ చవకవుతాయనుకున్నారు. ఏసీల మీద, పెద్ద టీవీల మీద తగ్గింది కానీ, ల్యాప్‌టాప్ మీద 18 శాతం అలాగే ఉండిపోయింది. పైగా ఆ ఏడాది చివర్లో మెమరీ చిప్‌ల ధరలు భగ్గుమన్నాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు ఆ చిప్‌లను మింగేయడమే కారణం. మైక్రాన్ కంపెనీ మామూలు జనం కొనుక్కునే 'క్రూషియల్' మెమరీ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. ఆగితే రేటు పడిపోతుందన్న పాత నమ్మకం అలా తలకిందులైంది.

మరి ఎప్పుడు కొనాలి? పని పడినప్పుడు, డబ్బు ఉన్నప్పుడు. జనవరిలో కంది అమ్మిన డబ్బుంటే జనవరే మంచి ముహూర్తం. జూన్‌కు దరఖాస్తులు వచ్చేసరికి పిల్ల చేతికి మౌస్ అలవాటై ఉంటుంది. ఆ అయిదు నెలల అలవాటు ఏ కొత్త మోడల్‌తోనూ రాదు.

వచ్చే ఏడు ఇంకా మంచి విత్తనం వస్తుందట అని చేలో విచ్చిన పత్తిని చెట్టు మీదే వదిలేసే రైతు ఖేడ్‌లో కనపడడు. ల్యాప్‌టాప్ దగ్గరా ఆ తెలివే చాలు.