ఎత్తి మోసిన చేతులు

1997 నవంబర్ 19న జూబ్లీహిల్స్‌లో, రామానాయుడు స్టూడియో దగ్గర, కారుబాంబు పేలింది. పరిటాల రవి నిర్మించిన ‘శ్రీరాములయ్య’ సినిమా ప్రారంభోత్సవం జరిగిన రోజది. రవి ప్రాణాలతో బయటపడ్డారు. 26 మంది పోయారు. వార్త కోసం వచ్చిన ఈటీవీ బృందం సభ్యులూ వాళ్లలో ఉన్నారు. తర్వాత 2005 జనవరిలో రవినీ, 2011 జనవరిలో ఈ బాంబు కేసులో శిక్షపడిన మద్దెలచెర్వు సూరినీ చంపేశారు. మధ్యలో 2010లో వాళ్ల పగ మీదే ‘రక్తచరిత్ర’ సినిమా వచ్చింది. అలా ఆ పేలుడు ఇద్దరి పగలో ఒక ఘట్టంగానే మన జ్ఞాపకంలో నిలిచిపోయింది. ఎవరు ఎవర్ని ఎందుకు చంపాలనుకున్నారో మన ఊళ్లలో అరుగుల మీద కూర్చున్న ఎవరైనా చెప్పగలరు. పొగ తగ్గకముందే ఆ రోడ్డు మీదికి పరుగెత్తి, ఒక్కొక్కర్నీ ఎత్తి బండ్లలోకి చేర్చినవాళ్ల గురించి మాత్రం నేనెక్కడా చదవలేదు.

మా మేనమామ అలా పరుగెత్తినవాళ్లలో ఒకరు. అప్పుడాయన అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్. రిటైరై ఇప్పుడు కృష్ణానగర్‌లో ఉంటున్నారు. ఉద్యోగం కబుర్లు అడిగితే రాత్రంతా చెబుతారు. గోదాముల్లో రోజుల తరబడి ఆరని మంటలు, బావిలో పడ్డ గేదె, సంక్రాంతికి మాంజా దారంలో చిక్కుకున్న కాకి. ఆ నవంబర్ కాల్ ప్రస్తావన వస్తే మాత్రం లేచి వెళ్లి గేటు గడియ చూసి వస్తారు. టోలీచౌకిలో కూతురింటికి ఫిల్మ్‌నగర్ మీదుగా, ఆ స్టూడియో వైపు నుంచి పోతే దగ్గర. ఆయన పంజాగుట్ట, మాసబ్‌ట్యాంక్, మెహదీపట్నం చుట్టు తిరిగి వెళ్తారు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఆటో ఎక్కగానే దారి ఎటో అత్తయ్యే డ్రైవరుకు చెప్పేస్తుంది.

నేను న్యూజెర్సీ వచ్చాక మా టౌన్ ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్‌లో వాలంటీరుగా చేరాను. ఇక్కడ చాలా ఊళ్లలో అంబులెన్సు మీద వెళ్లేది ఇలా జీతం లేకుండా పనిచేసే ఊరివాళ్లే. శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, ఈఎంటీగా బండెక్కాక మావయ్య మౌనం నాకు కొంచెం కొంచెంగా తెలియడం మొదలైంది. రక్తానికి ఎవరైనా అలవాటు పడతారు. అలవాటు కానిది వేరే ఉంది. మనిషిని ఆస్పత్రి ఎమర్జెన్సీ వాకిట్లో అప్పగిస్తాం, స్ట్రెచర్ తుడుచుకుంటాం, బండి వెనక్కి తిప్పుతాం. ఆ మనిషి బతికాడో లేదో, ఇంట్లో ఎవరున్నారో, ఆ పూట ఎక్కడికని బయల్దేరాడో ఏదీ తెలియదు. రోగి వివరాలు గోప్యం, అడిగినా చెప్పరు. ఎవరి జీవితంలోవో అతి ఘోరమైన పది నిమిషాలు మాత్రం మన దగ్గర ఉండిపోతాయి. ముందూ వెనకా లేని ఆ పది నిమిషాలే నిద్రలోకి తిరిగొస్తాయి.

మా స్క్వాడ్‌లో ఒక పెద్దాయన 2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాల్లో నెలల తరబడి పనిచేశారు. ఓ మే 30న ఆయన వెంట మన్‌హటన్‌లోని స్మారకానికి వెళ్లాను. సెప్టెంబర్ 11 లోకానికంతటికీ తెలుసు. మే 30 అక్కడ పనిచేసినవాళ్ల రోజు. 2002లో ఆ తేదీనే గాలింపు పని ముగిసింది. 2002 నాటి ఆ రోజున ఐదేసి దెబ్బల చొప్పున నాలుగుసార్లు గంట కొట్టారు. విధుల్లో చనిపోయినవాళ్ల కోసం న్యూయార్క్ అగ్నిమాపక శాఖ తరతరాలుగా వాడుతున్న సంకేతమది. తర్వాత జెండా కప్పిన ఖాళీ స్ట్రెచర్‌ను శిథిలాలు తవ్వితీసిన గుంతలోంచి పైకి మోసుకొచ్చారు. ఆనవాళ్లయినా దొరకని వాళ్లందరి తరఫున ఆ ఖాళీ స్ట్రెచర్. ఒక్క ప్రసంగమూ లేదు.

ఆ స్మారకం ఆవరణలోనే 2019 మే 30న ‘మెమోరియల్ గ్లేడ్’ ప్రారంభమైంది. ఒక బాట, దాని పక్కన ఆరు పెద్ద బండరాళ్లు, ఆ రాళ్లలో పొదిగిన కూలిన టవర్ల ఉక్కు. శిథిలాల్లో పనిచేసి, ఆ దుమ్ము పీల్చి జబ్బుపడ్డవాళ్ల కోసం, ఆ జబ్బులతో పోయినవాళ్ల కోసం కట్టారు దాన్ని. టవర్లు కూలిన రోజున న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత జబ్బులతో పోయిన సిబ్బంది సంఖ్య కూడా 2023 సెప్టెంబర్‌కి 343 అయింది. బతికి ఇంటికొచ్చినవాళ్లకూ ఆ రోజు ముగియలేదని ఒక దేశం రాళ్లు నిలబెట్టి ఒప్పుకుంది. నాకు తెలిసి ఇలాంటి ఒప్పుకోలు అరుదు.

పెద్దాయన ఒక రాయి దగ్గర ఆగారు. ఇంకెవరో వచ్చి పక్కన నిలబడ్డారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. “ఏ షిఫ్టు?” అన్నారు వచ్చినాయన. “రాత్రి.” అంతకుమించి మాట్లాడుకోలేదు, కానీ చాలాసేపు ఇద్దరూ అక్కడే ఉన్నారు. తర్వాత పెద్దాయన నన్ను స్మారకంలోని కొలను గట్టు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ కంచు పలకల మీద 2,983 పేర్లు చెక్కి ఉంటాయి. అగ్నిమాపక సిబ్బంది పేర్లు వాళ్ల దళాలవారీగా ఉంటాయి. శిథిలాల్లో తన చేతికి ఒక హెల్మెట్ దొరికిందట. దాని మీద దళం నంబరు. ఏళ్లపాటు ఆయనకు కలలో వచ్చింది ఆ నంబరే. ఆ దళం పేర్లన్నిటినీ వేలితో తాకుతూ ఒక్కొక్కటీ పైకి చదివారు. “వీళ్లలో ఎవరిదో నాకెప్పటికీ తెలియదు. కానీ ఇప్పుడు మనుషులు కనిపిస్తున్నారు” అన్నారు తిరుగు రైల్లో.

ఘోరం చూసొచ్చినవాళ్లను వెంటనే కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతి 1980ల నుంచి చాలా దేశాల్లో నడిచింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, అలా ఒక్కసారి చెప్పించడం వల్ల మానసిక గాయం ఆగినట్టు తేలలేదు. చుట్టూ ఆదుకునే మనుషులు లేకపోతే మాత్రం ఆ గాయం ముదురుతుందని పదేపదే తేలింది. సంస్మరణ సభ వైద్యం కాదు. నిద్రపట్టనివాళ్లకు డాక్టరు కావాలి, కొందరికి మందులూ కావాలి. అయితే సభ ఎవరినీ ఏమీ చెప్పమనదు. ఊరికే నిలబడనిస్తుంది. పక్కవాడూ అదే బరువు మోశాడని చూపిస్తుంది. మన దగ్గర ఉండిపోయిన పది నిమిషాలకు ఒక పేరునూ, ఆ పేరుగల మనిషి తాలూకు కుటుంబాన్నీ తెచ్చి కలుపుతుంది. మావయ్య లాంటివాళ్లకు అందనిది ఇదేనని నా నమ్మకం.

మనకూ తలుచుకునే రోజులున్నాయి. 1959 అక్టోబర్ 21న లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు ప్రాణాలొదిలారు. ఏటా ఆ తేదీన పోలీసులు తుపాకులు తలకిందులుగా పట్టి అమరులకు వందనం చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికీన్’ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలయ్యారు. అగ్నిమాపక వారోత్సవాలు ఏప్రిల్ 14నే మొదలయ్యేది అందుకే. ఇవన్నీ తిరిగిరాని వాళ్లవి, తప్పక జరగాల్సినవి. తిరిగొచ్చి, యూనిఫాం ఉతుక్కుని, మర్నాడు మళ్లీ డ్యూటీ ఎక్కినవాళ్లు ఈ సభల్లో వరుసలో నిలబడి సెల్యూట్ చేస్తారు. వాళ్లవైపు తిరిగి ఒక్క మాట అనేవాళ్లుండరు. పైగా 1997లో 108 అంబులెన్సు కూడా లేదు. అది హైదరాబాద్‌లో మొదలైంది 2005 ఆగస్టు 15న. దానికి ముందు క్షతగాత్రులను ఆస్పత్రికి చేర్చినవి పోలీసు జీపులు, ఆటోలు, దారినపోయే కార్లు. పేలుడు రోజు ఎత్తినవాళ్లలో యూనిఫాం లేనివాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లకు ఏ శాఖ వారోత్సవమూ వర్తించదు.

సాగనంపడం ఫిల్మ్‌నగర్‌కు కొత్త కాదు. పేరున్న నటులు పోతే ఫిల్మ్ ఛాంబర్‌లో భౌతికకాయాన్ని ఉంచుతారు, బస్తీల్లోంచి జనం వచ్చి గంటలకొద్దీ వరుసలో నిలబడతారు, మహాప్రస్థానం దాకా కదులుతారు. ఛాంబర్ ఆవరణలో దాసరి నారాయణరావు విగ్రహం ఉంది. తనవాళ్లను ఇంత ప్రేమగా గుర్తుపెట్టుకునే చోటు, ఒక సినిమా మొదలైన రోజునే తన గడపలో పోయిన 26 మందిని ఎందుకు తలుచుకోకూడదు? ఆ బాంబు లక్ష్యం వాళ్లు కాదు.  అందుకే వాళ్లకోసం సభ పెట్టడానికి రాజకీయం అడ్డురానక్కర్లేదు.

పోయిన శీతాకాలం సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు మావయ్యకు మే 30 సంగతి చెప్పాను. ఈసారి ఆయన లేవలేదు.

“మైకులో ఎవరు మాట్లాడతారు?”

“ఎవరూ మాట్లాడరు మావయ్యా. సెప్టెంబర్ సభలో కూడా 2012 నుంచి నాయకుల ప్రసంగాలు లేవు. ఇంటివాళ్లే వచ్చి పేర్లు చదువుతారు.”

“అందరివీనా?”

“అందరివీ.”

“నేను ఇద్దర్ని ఎత్తాను రా. పేర్లు తెలియవు. మర్నాడు పేపర్లో చూద్దామనుకుని, చూడలేకపోయాను.”

ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉంటారు. అగ్నిమాపక, పోలీసు శాఖల విశ్రాంత ఉద్యోగులను వెతకడం కష్టం కాదు. పెన్షన్ రికార్డులుంటాయి. స్థలం ఫిల్మ్ ఛాంబర్ ఇవ్వగలదు. నవంబర్ 19 ఉదయం ఒక అరగంట చాలు. 26 పేర్లు, చదవడానికి ఆ ఇళ్ల మనుషులు, నిలబడడానికి ఎత్తినవాళ్లు, ఆటోవాళ్లకూ రమ్మని పేపర్లో ఒక ప్రకటన. దండలూ వేదికా లేకపోయినా నష్టం లేదు. సంబంధిత శాఖలకూ, ఛాంబర్‌కూ ఉత్తరాలు రాశాను. పేరు బయటపెట్టొద్దని మావయ్య అన్నారు కాబట్టి ఆయన పేరు వాటిలో లేదు.

బయల్దేరే ముందు ఆయన గేటు దాకా వచ్చారు. “పొద్దునైతే వస్తాను. మా బండి డ్రైవరు మల్కాజిగిరిలో ఉంటాడు, మోకాళ్లు అరిగాయి, ఒంటరిగా రాలేడు. వాడిని ఎక్కించుకురావడానికి ఒక కారు చూడు” అన్నారు.