మూడు గంటల పెళ్ళి

పేరుకి కంపెనీ గానీ, ఉన్నది ఇద్దరే: మా మామ, ఒక అసిస్టెంటు. తడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు. సినిమావాళ్ళకి ఒకప్పుడు వందరోజులు మైలురాయి. మామకి కెమెరాలే మైలురాళ్ళు: వీహెచ్ఎస్, మినీడీవీ, మెమరీ కార్డు.

2016లో జపాన్‌కి చెందిన ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. ఆ వార్త చెప్తే మామ బీరువా వైపు చూశాడు. నిండా క్యాసెట్లు. ప్లేయర్ దొరికినా, టేపు మీది అయస్కాంత పూత పాడైతే బొమ్మ మిగలదు.

అందుకే సెలవులకి వెళ్ళినప్పుడల్లా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. తొందరపడితే కుదరదు, మూడు గంటల పెళ్ళికి మూడు గంటలూ కూర్చోవాల్సిందే. పోయినవాళ్ళు బంతిలో కెమెరాని చూసి, ముద్ద ఆపి సిగ్గుపడతారు.

మొన్న ఒకాయన వచ్చి, "మా అమ్మ గొంతుందా?" అన్నాడు. వెతికాం. ఆమె కూతురితో ఏదో చెబుతోంది. అప్పటి ఫ్యాషన్ ప్రకారం, పైన సినిమా పాట వేసేశారు.

ఆయన పాట ఆపమనలేదు. పెదాల వైపే చూస్తూ, మళ్ళీ వెయ్యమన్నాడు.