మూసీ నుంచి కొమ్మమూరు దాకా

గుంటూరు కాలవ నీళ్ళ కథను సీతానగరం దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటు. ప్రకాశం బ్యారేజీ, పడమటి ప్రధాన కాలవ, దుగ్గిరాల లాకులు, అక్కడినుంచి కొమ్మమూరు కాలవ. కానీ ఆ నీళ్ళలో ఒక పాలు వికారాబాదు అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమగా పారి, పల్నాడు ఎదుటి గట్టున వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన చేలకు చేరే నీళ్ళలో భారలోహాల సంగతి మాట్లాడాలంటే మూసీ వెంటే నడిచి రావాలి.

ఆ నదిలో నాచును ఓపికగా చదివిన శాస్త్రజ్ఞుడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. వెంకటేశ్వర్లు. హైదరాబాదు దగ్గర మూసీలో ఏ నాచు ఏ కాలంలో పెరుగుతుంది, మురుగు కలిసిన చోట ఏది నిలుస్తుంది అన్న ఆయన పరిశీలనలు 1969లో హైడ్రోబయాలజియా పత్రికలో వరసగా అచ్చయ్యాయి. నది ఆరోగ్యం నాచును చూసి చెప్పవచ్చునని మన తెలుగు నేల మీదే ఒకరు ఇంత శ్రమపడి చూపించారంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ తర్వాత నది మీద పడిన బరువు వేరు. నగరానికి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, రాగి, జింకు మితిమీరి ఉన్నాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు.

నగరం దాటాక మూసీ మీద వరసగా కత్వలు వస్తాయి. ప్రతి కత్వ వెనకా నీళ్ళు ఆగుతాయి, మడ్డి అడుక్కు దిగుతుంది, పైన నాచు పెరుగుతుంది. ఈ కత్వల మీదుగా సుమారు 40 కిలోమీటర్లు పారేసరికి మురుగు కంపు, రోగక్రిములు బాగా తగ్గుతున్నాయని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు కొలిచి చూపారు. పొలాలకు నీళ్ళివ్వడానికి కట్టిన అడ్డుకట్టలు ఎవరూ అడగకుండానే శుద్ధి చేస్తున్నాయన్నమాట. అయితే అక్కడ కుళ్ళి మాయమయ్యేది మనుషుల మలినం. సీసం కుళ్ళదు, కాడ్మియం ఆవిరై పోదు. నీళ్ళలోంచి దిగితే మడ్డిలో ఉంటుంది, లేదా నాచులో ఉంటుంది.

నాచు లోహాన్ని ఎలా పడుతుందో చెప్పుకోవాలి. స్పైరోగైరా, క్లాడోఫోరా, ఊడోగోనియం లాంటి పోగుల నాచుల కణం గోడ మీద కార్బాక్సిల్, ఫాస్ఫేట్ గుంపులుంటాయి. వాటిది ఋణావేశం. నీళ్ళలో కరిగిన రాగి, సీసం, కాడ్మియం, జింకు అయాన్లవి ధనావేశం. తాకీతాకగానే అంటుకుంటాయి. దీనికి నాచు బతికి ఉండనక్కర్లేదు, ఎండబెట్టి పొడి చేసిన నాచు కూడా పడుతుంది. బతికున్నదైతే కొంత లోహాన్ని కణంలోపలికి తీసుకుని, ప్రత్యేకమైన పెప్టైడ్లతో కట్టిపెడుతుంది. నీళ్ళలో ఆమ్లం ఎక్కువైతే మాత్రం హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లను ఆక్రమిస్తాయి, పట్టిన లోహం ఊడిపోతుంది. క్రోమేటుదీ ఆర్సెనిక్‌దీ ఇంకో చిక్కు. నీళ్ళలో అవి చాలావరకు ఋణావేశంతోనే తిరుగుతాయి కాబట్టి మామూలు నాచుకు సులువుగా దొరకవు.

వాడపల్లి దాటాక పులిచింతల జలాశయం, అమరావతి. కృష్ణ పెద్ద నది, మూసీ తెచ్చిందాన్ని పలచన చేస్తుంది. పలచన చేయడం తీసేయడం కాదు. బ్యారేజీకి కాస్త ఎగువన, ఉత్తరపు గట్టున, ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది. బొగ్గు బూడిద నానిన నీళ్ళలో లోహాలు తేలడం ప్రపంచమంతా ఉన్న బాధే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో టారాంగ్ విద్యుత్ కేంద్రం బూడిద నీళ్ళలో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఊడోగోనియం పెంచి, అది లోహాలను పీల్చుకోవటం చూపారు. నాచును ఇనుప లవణంతో కలిపి, గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తే సెలీనియం, ఆర్సెనిక్ లాంటి మొండి వాటినీ పడుతుందని తేల్చారు. మనకు ఎండకు కొదవ లేదు, నాచుకూ కొదవ లేదు. బూడిద చెరువుల పక్కన ఇలాంటి మడులు కట్టి చూడటం ఖర్చుతో కూడినదేమీ కాదు.

దుగ్గిరాల దగ్గర చీలిన కొమ్మమూరు పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవను కలుస్తుంది. కాలవ కింద వరి మాగాణి, ఎగువన నల్లరేగడి మీద మిరప, పత్తి. ఇక్కడికి వచ్చేసరికి లోహం పైనుంచే కాదు, పక్కనుంచీ వస్తుంది. మిరపకు కాయకుళ్ళు, కొమ్మ ఎండు పడితే రైతు కొట్టేది రాగి మందు, లేదంటే మాంకోజెబ్. మాంకోజెబ్‌లో మాంగనీసు, జింకు ఉన్నాయి. భాస్వరం ఎరువుల్లో, రాయిని బట్టి, కాడ్మియం జాడ ఉంటుంది. వానకు కడుక్కుపోయినది ఓగేరులోకీ కుప్పగంజిలోకీ దిగి, ఆ రెండూ కలిసిన నల్లమడ వాగులో పడి బాపట్ల వైపు సముద్రానికి పోతుంది. మిరప రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పంట పోతే అతనికి మిగిలేది అప్పే.

రాగి దగ్గర ఒక ప్రమాదం ఉంది. చెరువుల్లో నాచును చంపడానికి చల్లేది మైలుతుత్తం, అంటే రాగి లవణమే. రాగిని పట్టే నాచు, రాగి ఎక్కువైతే ఆ రాగితోనే చస్తుంది. చచ్చి కుళ్ళితే పట్టిన లోహం మళ్ళీ నీళ్ళ పాలు. కాబట్టి నాచు పెంచడంతో పని అయిపోదు. పెరిగినదాన్ని పెరిగినట్టే తీసెయ్యాలి, తీసినదాన్ని నీళ్ళకు దూరంగా పెట్టాలి. పని సగంలో ఆగేది ఇక్కడే.

ఎండాకాలం కాలవలు కట్టేశాక పూడిక తీస్తారు, నాచూ గుర్రపుడెక్కా లాగి గట్టున కుప్ప వేస్తారు. తొలకరికి అది కుళ్ళి, వానతో మళ్ళీ కాలవలోకి జారుతుంది. ఆరిన పూడికను బలమని చేలకు తోలుకునేవాళ్ళూ ఉన్నారు. పూడికకు లెక్క ఘనపు మీటర్లలో కడతాం. అందులో రాగి ఎంత, సీసం ఎంత, కాడ్మియం ఎంత అన్న లెక్క కూడా అదే పనిలో చేర్చాలి. దుగ్గిరాల లాకుల దగ్గర ఒక నమూనా, నల్లమడ దగ్గర ఒకటి, పెదగంజాంలో ఒకటి తీసి, ఫలితాలను నీటి సంఘం రైతులకు తెలుగులో చదివి వినిపించాలి. లోహం ఎక్కువున్న కుప్పను చేనుకు తోలనివ్వకూడదు, గట్టున వదలకూడదు. దాన్ని ఎక్కడికి చేర్చాలో కాలవ కట్టేయకముందే నిర్ణయించి, ఆ ఖర్చును పూడిక అంచనాలోనే రాయాలి.